కమాండో రాసిన యుద్ధజ్ఞాపకాలకు పాఠకుడి స్పందన ఎలా రాయాలి

ప్రత్యేక దళాల్లో పనిచేసిన సైనికుడు తన యుద్ధానుభవాలను పుస్తకంగా తెచ్చినప్పుడు, దానిపై వెలువడే స్పందనల్లో చాలావాటిని పుస్తకం తెరవకుండానే రాసేయవచ్చు. ఆ యుద్ధాన్ని సమర్థించేవారు రచయితను వీరుడంటారు, వ్యతిరేకించేవారు హంతకుడంటారు, సైన్యంలో పనిచేసి వచ్చినవారు ఫలానా తుపాకీ పేరు తప్పు పడిందంటారు, ఉత్కంఠ కోసం చదివినవారు ఒక్క రాత్రిలో పూర్తిచేశామంటారు. ఈ మాటల్లో ఏదీ అబద్ధం కాకపోవచ్చు గాని, వాటిని చదివిన మరో మనిషికి ఆ పుస్తకం గురించి తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. పుస్తకాన్ని చివరిదాకా చదివినవారు మాత్రమే రాయగలిగే స్పందనను ఎలా తయారుచేసుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం పని. ఇందులోని పద్ధతి కొత్తదేమీ కాదు. సాక్ష్యం వినేటప్పుడు అనుభవజ్ఞులు పాటించే జాగ్రత్తలే ఇవి. కాకపోతే ఇక్కడ సాక్షి మీద మనకు ముందే గౌరవమో కోపమో ఉంటుంది. దాన్ని దాచుకోనక్కరలేదు, కానీ దానితోనే తీర్పు రాసేయకూడదు.

ఇలాంటి పుస్తకం మీద మొదటిసారి రాసిన నాలుగు పేజీలను, సైన్యం నుంచి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన నిదానంగా చదివి, "బాబూ, ఆ రాత్రి ఎంతమంది వెళ్ళారు?" అని అడిగారు. ఎనిమిదిమంది అన్నాను. "మరి నీ కాగితాల్లో ఒక్కడే కనిపిస్తున్నాడేం?" అన్నారు. నేను రచయిత కళ్ళతో చూస్తూ, ఆయన ఎంత చూపిస్తే అంతే చూసి, దాన్నే నా అభిప్రాయంగా రాశానని అప్పుడు తెలిసింది. ఆ నాలుగు పేజీలు మళ్ళీ పనికిరాలేదు గాని, ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది.

కథలోకి వెళ్ళే ముందు

మొదటి అధ్యాయం ఉత్కంఠతో లాక్కుపోతుంది కాబట్టి, దానికంటే ముందే కొన్ని వివరాలు ఒక కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఘటన జరిగిన సంవత్సరం, పుస్తకం వెలువడిన సంవత్సరం, అట్ట మీద ఎన్ని పేర్లున్నాయి, రచయిత పేరు అసలుదా మారుపేరా, సైనిక శాఖ అనుమతి గురించి ముందు పేజీల్లో ఏమైనా ప్రకటన ఉందా అన్నవి అందులో ముఖ్యం. వీటికి ఐదు నిమిషాలు చాలు.

అట్ట మీద రెండో పేరు ఉంటే ఆ వ్యక్తి అంతకుముందు ఏం రాసేవారో చూడాలి. 2005లో అఫ్గానిస్తాన్‌లో జరిగిన ఒక ఆపరేషన్ నుంచి ప్రాణాలతో బయటపడిన అమెరికా నౌకాదళ కమాండో జ్ఞాపకాలు 2007లో వచ్చాయి. వాటికి సహరచయిత థ్రిల్లర్ నవలలు రాసే బ్రిటిష్ రచయిత. ఇందులో తప్పేమీ లేదు, సైనికులందరూ రచయితలు కానక్కరలేదు. అయితే ఒక అధ్యాయం సరిగ్గా ఉత్కంఠ మీద ఆగిపోయినప్పుడు, ఆ ఆపడం యుద్ధం నేర్పిందా, నవలా రచన నేర్పిందా అని పాఠకుడు అడగవచ్చు. శైలిని పొగిడేటప్పుడు ఆ పొగడ్త ఎవరికి చెందుతుందో ఆలోచించి రాయాలి.

అనుమతి సంగతి దీనికన్నా చిక్కైనది. చదివేటప్పుడు కనిపించే ఖాళీలన్నీ రచయిత దాచినవి కావు. అమెరికాలో సైనిక రహస్యాలు తెలిసినవారు తమ రాతప్రతిని ముందుగా రక్షణ శాఖ పరిశీలనకు పంపాలి. ఒసామా బిన్ లాడెన్‌ను చంపిన 2011 నాటి దాడిలో పాల్గొన్న ఒక కమాండో మారుపేరుతో 2012లో తెచ్చిన పుస్తకాన్ని ఆ పరిశీలనకు పంపలేదు. చివరికి 2016లో 66 లక్షల డాలర్లకు పైగా సంపాదనను ప్రభుత్వానికి అప్పగించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. అఫ్గానిస్తాన్‌లో పనిచేసిన ఒక సైనిక నిఘా అధికారి పుస్తకం 2010లో అచ్చయ్యాక, అమెరికా రక్షణ శాఖ మొదటి ముద్రణలోని దాదాపు 9,500 ప్రతులను కొని ధ్వంసం చేసింది. తరువాత వచ్చిన ముద్రణలో చాలా వాక్యాల మీద నల్లని పట్టీలున్నాయి. బ్రిటన్‌లో 1996 నుంచి ప్రత్యేక దళాల సైనికుల చేత గోప్యతా ఒప్పందం మీద సంతకం చేయిస్తున్నారు. న్యూజిలాండ్‌కు చెందిన ఒక మాజీ సైనికుడు తన పుస్తకం కోసం ఆ ఒప్పందంతో పోరాడితే, అది చెల్లుతుందని 2003లో లండన్‌లోని అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. పుస్తకం ప్రచురణను మాత్రం ఆపలేదు, కానీ దాని లాభాలపై ప్రభుత్వానికి హక్కు ఉంటుందని చెప్పింది.

కాబట్టి "ఆ స్థావరం పేరు ఎందుకు చెప్పలేదు, ఆ పరికరం ఎలా పనిచేసిందో ఎందుకు వివరించలేదు" అని విమర్శించే ముందు, చెప్పే స్వేచ్ఛ రచయితకు ఉందో లేదో చూసుకోవాలి. దీనికి మరో వైపు కూడా ఉంది. అనుమతి తీసుకున్నామని ముందు పేజీలో రాసుకున్నంత మాత్రాన లోపలి విషయాలు నిజమని సైనిక శాఖ ధ్రువీకరించినట్టు కాదు. ఆ పరిశీలన రహస్యాలు బయటపడుతున్నాయా అన్నదాన్ని చూస్తుందే గాని, కథ సరిగ్గా ఉందా అన్నదాన్ని చూడదు. ఈ తేడా తెలియక "ప్రభుత్వమే ఆమోదించిన పుస్తకం" అని రాసినవారిని చాలామందిని చూశాను.

పెన్సిల్‌తో చదవడం

పుస్తకం చదివేటప్పుడు మూడు గుర్తులు పెట్టుకోవడం నాకు అలవాటు. రచయిత స్వయంగా చూసిన విషయం పక్కన "చూ", ఇతరుల నుంచి విన్నది అయితే "వి", ఊహించి చెప్పింది అయితే "ఊ". ప్రతి వాక్యానికీ పెడితే విసుగొస్తుంది. ఎవరైనా గాయపడిన, చనిపోయిన, బందీ అయిన పేజీల్లో మాత్రం తప్పకుండా పెట్టాలి. ఎలా ఉంటుందో చూపడానికి ఇలాంటి పుస్తకాల ధోరణిలో నేనే ఒక చిన్న పేరా రాసి ఇస్తున్నాను:

"తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్ళాం. మెట్ల మీద ఇద్దరున్నారు. మమ్మల్ని చూడగానే ఆయుధాల కోసం చేతులు చాచారు. అప్పటికే మా రెండో బృందం వెనుక దారి మూసేసింది. లొంగిపోయే ఆలోచన వాళ్ళకు లేదు."

మొదటి రెండు వాక్యాల పక్కన "చూ" అని నిశ్చింతగా రాయవచ్చు. మూడో వాక్యాన్ని విడదీయాలి: చేతులు కదలడం ఆయన చూశాడు, అవి ఆయుధాల కోసమే కదిలాయన్నది ఆయన తీసిన అర్థం. నాలుగోది రేడియోలో విన్నది. ఐదోది ఇద్దరు అపరిచితుల మనసులోని మాట, అది ఎవరికీ కనిపించదు. అయినా ఆ ఐదు వాక్యాలూ ఒకే స్వరంతో, ఒకే నిశ్చయంతో సాగిపోతాయి. ఆ ఇద్దరి చావు న్యాయమేనని పాఠకుడికి అనిపించేలా చేసే భారమంతా మోసేది, "ఊ" గుర్తు పడిన ఆ చివరి వాక్యమే.

ఈ గుర్తు పెట్టడమంటే రచయిత అబద్ధమాడుతున్నాడని అనడం కాదు. అర సెకనులో నిర్ణయం తీసుకోవలసినవాడు ఊహను చూపుగానే భావించి కదులుతాడు, అతని శిక్షణ కూడా అలాగే ఉంటుంది. పైగా ఒత్తిడిలో చూసింది సరిగ్గా గుర్తుండదన్నది సైనికుల మీదే జరిగిన పరిశోధనలో తేలిన విషయం. 2004లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, బందీలుగా చిక్కితే ఎలా తట్టుకోవాలో నేర్పే శిక్షణలో ఉన్న 500 మందికి పైగా సైనికులను, తమను అరగంటకు మించి ముఖాముఖి విచారించిన వ్యక్తిని ఒక రోజు తరువాత గుర్తుపట్టమన్నారు. అంత ఒత్తిడి లేకుండా విచారించిన వ్యక్తి విషయంలోకన్నా, తీవ్రమైన ఒత్తిడితో విచారించిన వ్యక్తి విషయంలో ఎక్కువగా పొరబడ్డారు. అరగంట ఎదురుగా ఉన్న ముఖమే అలా జారిపోతే, చీకట్లో మెట్ల మీద రెండు క్షణాలు కనిపించిన ముఖాన్ని ఏడేళ్ళ తరువాత వర్ణించే పేజీని ఎలా చదవాలో పాఠకుడు నిర్ణయించుకోవాలి. ముఖాల వర్ణన ఎంత వివరంగా ఉంటే అంత నిజమని అనుకోవడం మనకు సహజమే, కానీ ఆ అలవాటు ఇక్కడ మోసం చేస్తుంది.

పక్క అంచున ఇంకొక గుర్తు కూడా అవసరం, అది పాఠకుడి గురించి. ఎక్కడ ఊపిరి బిగబట్టామో, ఎక్కడ నవ్వామో, ఎక్కడ పుస్తకం మూసి లేచామో అక్కడే ఆ క్షణమే రాసుకోవాలి, ఎందుకంటే పూర్తయ్యాక మనకు గుర్తుండేది చివరి అధ్యాయం కలిగించిన భావమే. ఒక పుస్తకంలో నేను "అబ్బ!" అని రాసుకున్న చోటికి మళ్ళీ వెళ్ళి చూస్తే, ఆ పేజీలో ముగ్గురు చనిపోతున్నారు. ఆ ముగ్గురి పేర్లు రచయితకు తెలియవు, నేను తెలుసుకోవాలనుకోనూ లేదు. స్పందనలో అది కూడా రాశాను. సిగ్గుపడుతూ రాసిన ఆ రెండు వాక్యాలనే ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నారు.

అదే రాత్రిని మరొకరు ఎలా చెప్పారు

ఒకే పుస్తకం చదివి స్పందన రాయడం తప్పు కాదు. కానీ అదే ఘటన మీద మరో కథనం ఉందేమో వెతకడం ఈ తరహా రచనల విషయంలో దాదాపు తప్పనిసరి. దీనికి అందరికన్నా ఎక్కువ పాఠాలు నేర్పేది బ్రావో టూ జీరో అనే సంకేతనామంతో 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్‌లో దిగిన, బ్రిటిష్ సైన్యపు ప్రత్యేక రెజిమెంట్ ఎస్‌ఏఎస్‌కు చెందిన దళం కథ. ఎనిమిదిమంది వెళ్ళారు, ముగ్గురు చనిపోయారు, నలుగురు బందీలయ్యారు, ఒకరు నడుచుకుంటూ సిరియా సరిహద్దు దాటారు. దళనాయకుడు మారుపేరుతో రాసిన పుస్తకం 1993లో, సరిహద్దు దాటిన సైనికుడు మారుపేరుతోనే రాసిన పుస్తకం 1995లో వచ్చాయి. రెండూ విపరీతంగా అమ్ముడుపోయాయి. ఆ తరువాత అదే రెజిమెంట్‌లో అప్పటి సార్జెంట్ మేజర్ 2000లో తన జ్ఞాపకాలు తెచ్చి, వాహనం తీసుకువెళ్ళమని తాను ఇచ్చిన సలహాను దళనాయకుడు కాదన్నాడని రాశారు. అరబిక్ తెలిసిన ఒక ఎడారి యాత్రికుడు, తానూ ఒకప్పుడు ఎస్‌ఏఎస్ రిజర్వు దళంలో ఉన్నవాడే, ఇరాక్ వెళ్ళి ఆ దారిలో తిరిగి, అక్కడి గ్రామీణులతో మాట్లాడి, మొదటి రెండు పుస్తకాల్లోని భారీ పోరాటాలు ఆ స్థాయిలో జరగలేదని 2002లో వాదించారు. 2004లో ఆ దళంలోని మరో సభ్యుడి పుస్తకం వచ్చింది.

ఇన్ని కథనాలు చేతిలో ఉన్నప్పుడు ఎవరు నిజం చెప్పారో తేల్చడం పాఠకుడి పని కాదు, తేల్చే సాధనాలు కూడా అతని దగ్గర ఉండవు. అతను చేయగలిగింది, ఏ విషయాల్లో అందరూ ఏకీభవించారో, ఎక్కడ విడిపోయారో, ఆ తేడా వల్ల ఎవరికి మేలు జరిగిందో, ఎవరికి నష్టం జరిగిందో చెప్పడం. ఈ దళం విషయంలో చలి, తప్పు రేడియో పౌనఃపున్యాలు, మోయలేని బరువు వంటివాటిపై పెద్ద వివాదం లేదు. శత్రువుల సంఖ్య, కాల్పుల తీవ్రత దగ్గరకు వచ్చేసరికి కథనాలు చీలిపోతాయి. నాకు ఇందులో ఒక తీరు కనిపిస్తుంది: శరీరం పడిన బాధ గురించి చెప్పే చోట్ల కథనాలు దగ్గరకు వస్తాయి, శౌర్యం గురించి చెప్పే చోట్ల దూరమవుతాయి. నాకు పరిచయమున్న ఆ పెద్దాయన కూడా కాల్పుల అధ్యాయాలను వేగంగా తిప్పేసి, పాదాల పుండ్ల గురించి, తడిసిన సాక్సుల గురించి, నీటిని ఎలా పంచుకున్నారన్న దాని గురించి ఉన్న పేజీల దగ్గర ఆగేవారు. "ఇది రాసినవాడు వెళ్ళొచ్చినవాడే" అని ఆయన ఒప్పుకునేది అక్కడే.

చనిపోయినవారు జవాబు చెప్పలేరన్నది ఇక్కడ అసలైన చిక్కు. ఆ దళంలో చలికి ప్రాణాలు కోల్పోయిన ఒక సార్జెంట్‌ను బలహీనుడిగా చూపించిన తీరు అతని కుటుంబాన్ని తీవ్రంగా బాధించింది. 2002 నాటి పుస్తకం ప్రధానంగా అతని పేరు మీద పడిన మచ్చను తొలగించే ప్రయత్నమే. అందువల్ల ఏ జ్ఞాపకాల పుస్తకంలోనైనా వైఫల్యానికి కారణం చనిపోయినవాడే అని తేలుతుంటే, ఆ మాటను మన స్పందనలో ఎత్తిరాసే ముందు ఆగాలి. "రచయిత కథనం ప్రకారం" అనే మూడు ముక్కలు అలంకారానికి కాదు, అక్కడ అవి లేకపోతే మనమూ ఆ ఆరోపణలో భాగమవుతాం.

అంకెలు, పతకాలు

అంకెల విషయంలో పాఠకులు రెండు విధాలుగా పొరబడతారు: కొందరు వాటిని మారుమాట లేకుండా నమ్ముతారు, మరికొందరు ఒక అంకె తప్పని తేలగానే పుస్తకమంతా కట్టుకథ అంటారు. 2005 జూన్ 28న అఫ్గానిస్తాన్‌లోని కునార్ ప్రాంతంలో నలుగురు అమెరికా నౌకాదళ కమాండోలు (సీల్స్) చిక్కుకుపోయిన ఘటనను తీసుకుందాం. ముగ్గురు అక్కడే మరణించారు. వారిని రక్షించడానికి వచ్చిన హెలికాప్టర్‌ను కూల్చివేయడంతో అందులోని 16 మందీ చనిపోయారు. దళనాయకుడికి మరణానంతరం ఇచ్చిన, అమెరికా అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ ప్రశంసాపత్రం శత్రువులు 30 నుంచి 40 మంది అంటుంది. బతికి బయటపడిన సైనికుడి పుస్తకంలోని (పైన చెప్పిన 2007 నాటిదే) అంచనాలు దానికన్నా చాలా ఎక్కువ. రాళ్ళ మధ్య గాయాలతో దొర్లుతున్నవాడికి నలభైమంది రెండువందలుగా కనిపించడంలో వింతేమీ లేదు. కానీ స్పందన రాసేవారు రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టాలి, పెట్టి తమ అభిప్రాయం చెప్పాలి. పెద్ద అంకె ఒక్కటే రాసి "ఇంతమందితో పోరాడారు" అని ఆశ్చర్యపోతే, అది పుస్తకం అట్ట వెనుక రాసే ప్రకటనే అవుతుంది.

ఇదే పుస్తకంలో, ఎదురుపడిన మేకల కాపరులను ఏం చేయాలన్నదానిపై దళం ఓటు వేసిందన్న భాగాన్ని ఆ దళనాయకుడి తండ్రి బహిరంగంగా తప్పుపట్టారు. ఆయన కూడా ఒక పాఠకుడే, బహుశా ఆ పుస్తకానికి అందరికన్నా కష్టమైన పాఠకుడు. మన స్పందన అలాంటివారి చేతుల్లో కూడా పడవచ్చన్న స్పృహ ఉంటే, "ఆ నిర్ణయం మూర్ఖత్వం" వంటి వాక్యాలు వాటంతటవే కలం దాటి బయటికి రావు.

పతకాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2012లో వచ్చిన ఒక అమెరికా స్నైపర్ జ్ఞాపకాల్లో రెండు సిల్వర్ స్టార్లు, ఐదు బ్రాంజ్ స్టార్లు వచ్చాయని ఉంది. 2016లో నౌకాదళం రికార్డులను సవరించి ఒక సిల్వర్ స్టార్, నాలుగు బ్రాంజ్ స్టార్లు అని తేల్చింది. అయితే ఆయన సర్వీసు నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన అధికారిక పత్రంలోనే అంకెలు ఎక్కువగా పడ్డాయి. అధికారిక కాగితం కూడా ఒక కథనమే కాబట్టి, దాన్ని చూపించి రచయితను దొంగ అనడానికి గాని, దేవుడు అనడానికి గాని తొందరపడకూడదు.

ఎదుటివారి గురించి మౌనం

పుస్తకంలో సాధారణ ప్రజలు ఎన్ని పేజీల్లో కనిపిస్తారో, కనిపించినప్పుడు మాట్లాడతారో లేదో లెక్కపెట్టడం పది నిమిషాల పని. దాని ఫలితం చాలాసార్లు మిగిలిన సమీక్షకన్నా ఎక్కువ చెబుతుంది. మాట్లాడని మనుషుల మధ్య జరిగే యుద్ధం చదవడానికి సులువుగా ఉంటుంది. ఆస్ట్రేలియా ప్రత్యేక దళాలపై జరిగిన విచారణ నివేదిక 2020 నవంబరులో బయటికి వచ్చినప్పుడు, అఫ్గానిస్తాన్‌లో 39 మందిని చట్టవిరుద్ధంగా చంపారనడానికి నమ్మదగిన సమాచారం ఉందని అది చెప్పింది. దీని అర్థం అఫ్గానిస్తాన్ గురించి రాసిన ప్రతి కమాండోనూ అనుమానించాలని కాదు. అయితే జ్ఞాపకాల పుస్తకంలో తప్పుడు కాల్పు ఒక్కటీ లేకుండా, చనిపోయిన ప్రతివాడూ ఆయుధధారే అయినప్పుడు, ఆ సంపూర్ణతను గమనించానని రాసే హక్కు పాఠకుడికి ఉంది. రుజువు లేకుండా అంతకుమించి వెళ్ళే హక్కు మాత్రం లేదు.

తెలుగులో రాసేటప్పుడు వచ్చే చిక్కులు

ఈ పుస్తకాల గురించి తెలుగులో రాసేవారు ఒక అదనపు జాగ్రత్త తీసుకోవాలి, ఎందుకంటే మన క్రియాపదాలే పక్షం తీసుకుంటాయి. ఒకవైపు సైనికుడు చనిపోతే నేలకొరిగాడు, అమరుడయ్యాడు, వీరమరణం పొందాడు. ఎదుటివైపు వాడు చనిపోతే హతమయ్యాడు, మట్టికరిచాడు, లేదా మనవాళ్ళు అతన్ని మట్టుబెట్టారు. వార్తల్లో రోజూ వినీ చదివీ ఇవి నాలుక చివర సిద్ధంగా ఉంటాయి. మొదటి చిత్తుప్రతి పూర్తయ్యాక ఇలాంటి మాటలన్నిటి కిందా గీత గీసి, ప్రతిచోటా "చనిపోయాడు", "చంపాడు" అని పెట్టి మళ్ళీ చదివి చూడాలి. కొన్నిచోట్ల పాత మాటే సరైనదని అనిపిస్తుంది, అప్పుడు దాన్ని తెలిసే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎక్కువచోట్ల సాదా మాటే నిలబడుతుంది.

సర్వనామాలది ఇంకా సూక్ష్మమైన సంగతి. రచయిత "ఆయన", అతని తోటి సైనికుడు "అతను", శత్రువు "వాడు". ఇలా మూడు మెట్లు మనకు తెలియకుండానే ఏర్పడిపోతాయి. రచయిత శత్రువును ఈసడించి ఉంటే ఆ ఈసడింపును ఉల్లేఖన గుర్తుల మధ్య చూపించవచ్చు గాని, అది మన సొంత వాక్యంలోకి పాకకూడదు. అలాగే "టార్గెట్‌ను న్యూట్రలైజ్ చేశారు" వంటి మాటలు రచయిత వృత్తి భాష. ఆయన నోట అవి సహజంగా ఉంటాయి, కుర్చీలో కూర్చుని చదివిన మనం వాటిని వాడితే అరువు తెచ్చుకున్న యూనిఫాం వేసుకున్నట్టుంటుంది.

రాయడం

పుస్తకం పూర్తిచేసిన రాత్రే ఒక ప్రతి రాసి పక్కన పెట్టాలి, వారం తరువాత మరొకటి రాయాలి. మొదటిదానిలో వేడి ఉంటుంది, రెండోదానిలో చూపు ఉంటుంది. చివరి స్పందన ఈ రెంటినుంచీ కూర్చుకోవాలి. మొదటి ప్రతిని చింపేసేవారు పెద్దమనిషి తరహాలో చల్లగా రాస్తారు. అది నిజాయితీగా కనిపిస్తుంది గాని, నన్నడిగితే ఆ పుస్తకం తమను ఏం చేసిందో వారు దాచేశారనే అంటాను.

"ఈ పుస్తకం నన్ను కదిలించింది, ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి" అన్న వాక్యాన్ని ఏ పుస్తకానికైనా తగిలించవచ్చు. దాని బదులు పేజీ దగ్గరకు వెళ్ళాలి. ఉదాహరణకు ఇలాంటి వాక్యాన్ని ఊహించుకోండి: "చనిపోయిన మిత్రుడి బూట్లను తన సంచిలో పెట్టుకుని శిబిరానికి తెచ్చి, వాటిని ఎవరికి ఇవ్వాలో తెలియక నెలరోజులు మంచం కింద ఉంచానని రచయిత చెప్పిన మూడు వాక్యాలు, అంతకుముందున్న ముప్పై పేజీల కాల్పులకన్నా ఎక్కువగా నాతో ఉండిపోయాయి; బహుశా అక్కడ ఆయన తన ధైర్యం గురించి ఒక్క ముక్క కూడా చెప్పకపోవడం వల్ల కావచ్చు." ఇది చదివినవారికి పుస్తకంలో ఏముందో తెలుస్తుంది, రాసినవారికి ఏం జరిగిందో తెలుస్తుంది, ఒప్పుకోకపోతే ఏ పేజీ తెరిచి వాదించాలో కూడా తెలుస్తుంది.

నక్షత్రాల రేటింగ్ ఇవ్వవలసి వస్తే ఇచ్చేయండి, దాని గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. రచయిత సేవకు ఇస్తున్నారా, రచనకు ఇస్తున్నారా అన్నది మాత్రం ఒక వాక్యంలో చెప్పండి. సేవ గొప్పదై రచన పేలవంగా ఉండవచ్చు. ఆ మాట అనడం సైనికుడిని అవమానించడం కాదు. పుస్తకాన్ని వెల కట్టి అమ్మకానికి పెట్టినప్పుడే ఆయన దానిపై తీర్పును కూడా ఆహ్వానించారు.

మీరు సైన్యంలో పనిచేసినవారైతే ఆ సంగతి మొదటి పేరాలోనే చెప్పడం మంచిది, ఏ విభాగంలోనో కూడా. వైమానిక దళ గిడ్డంగిలో పనిచేసిన అనుభవం రాత్రి దాడుల గురించి తీర్పు చెప్పడానికి సరిపోదు, కానీ సరఫరాలు ఎందుకు ఆగిపోతాయో చెప్పడానికి ఎంతో విలువైనది. సాంకేతిక తప్పులు పట్టేటప్పుడు, ఆ తప్పు వల్ల కథ మారుతుందా లేదా అన్నది చూసుకోవాలి. తుపాకీ నమూనా సంఖ్య ఒకటి తేడా పడితే అది అచ్చుతప్పు కావచ్చు. నిండు చీకటి అని రాసిన రాత్రి పౌర్ణమి అయితే అది పెద్ద తప్పే, ఎందుకంటే ఆ అధ్యాయంలో ఎవరు ఎవరిని చూడగలిగారన్నదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

స్పందన నలుగురి ముందుకు వెళ్ళాక అక్కడ ఉన్నవారో, వారి బంధువులో, లేదా మీకన్నా ఎక్కువ చదివినవారో వచ్చి తప్పు చూపవచ్చు. అప్పుడు పాత వాక్యాన్ని చెరిపేసి ఏమీ జరగనట్టు ఉండకూడదు. దాన్ని అలాగే ఉంచి, సవరణను తేదీతో సహా కింద చేర్చాలి. నా పాత స్పందనల్లో ఒకదాని కింద అలాంటి సవరణలు మూడున్నాయి, వాటిలో రెండు ఆ పెద్దాయన చెప్పి రాయించినవి.